లోయలో లిల్లీ, లంకలో తామర



మన ఓపీ వరండా గోడకు ఒక పాత క్యాలెండరు వేలాడుతూ ఉండేది. దాని మీద ఒక పువ్వు బొమ్మ. వెడల్పాటి రెండు పచ్చని ఆకులు, వాటి మధ్యనుంచి లేచిన సన్నని కాడ, ఆ కాడకు ఒక పక్కగా వరుసలో తలలు వంచుకుని వేలాడే చిన్న చిన్న తెల్లని గంటలు. కింద ‘లిల్లీ ఆఫ్ ది వ్యాలీ’ అని రాసి ఉంది. ఒకనాడు మందుల చీటీ పట్టుకుని కూర్చున్న ఒక మామ్మగారు ఆ బొమ్మను చాలాసేపు చూసి నర్సును పిలిచారు.

“సిస్టరమ్మా, మనం పాటల్లో పాడుకునే లోయలో పువ్వు ఇదేనా అమ్మా?”

“ఇదేనంటారు మామ్మగారూ.”

“మా మనవరాలికి దీని పేరే పెట్టుకున్నాం. ఒక్కసారైనా కళ్లారా చూడలేదు. కడియంలో దొరుకుద్దంటావా? దొరికితే ఓ మొక్క తెచ్చి గుమ్మం పక్కన వేసుకుంటాను.”

సిస్టరు దగ్గర జవాబు లేదు. అడిగి చెబుతానంది. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. అయితే ఒక పువ్వు సంగతి తెలుసుకోబోతే అది మన గుండె దగ్గరికి, మన ఇంటి కంచె దగ్గరికి, కొందరు రోజూ వేసుకునే ఒక చిన్న మాత్ర దగ్గరికి తీసుకువచ్చింది. అందుకే దీన్ని ఆరోగ్య పత్రికలో రాస్తున్నాము. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు, గుండె జబ్బుకు మందులు వాడుతున్నవారు తప్పక చివరిదాకా చదవండి.

ఇంతకీ ఏమిటీ పువ్వు?

ఇది చలి దేశాల మొక్క. ఐరోపా ఖండంలోని అడవుల్లో పెద్ద చెట్ల నీడన నేలంతా పరచుకుని పెరుగుతుంది. జానెడు, మహా అయితే జానెడున్నర ఎత్తు. నేల లోపల దుంప వేర్లు పాకుతూ పోతాయి. వాటినుంచి ఏటా కొత్త మొలకలు వస్తాయి. అక్కడ మే నెలలో పూస్తుంది. పూలు రాలిపోయాక బఠాణీ గింజంత ఎర్రని కాయలు కాస్తాయి. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి పెట్టిన శాస్త్రీయ నామం ‘కాన్వలేరియా మజాలిస్’. మొదటి మాటలో లోయ ఉంది, రెండో మాటలో మే నెల ఉంది.

ఫ్రాన్సు దేశంలో మే 1వ తేదీన ఈ పూలను స్నేహితులకు, బంధువులకు ఇచ్చి శుభం కోరుకుంటారు. ఆ రోజు మామూలు జనం కూడా వీధుల్లో నిలబడి చిన్న చిన్న గుత్తులు అమ్ముతారు. ఫిన్లాండు దేశానికి 1967నుంచి ఇది జాతీయ పుష్పం. 2011లో బ్రిటన్ రాకుమారుడు విలియం వివాహంలో పెళ్లికూతురి చేతిలోని పూలగుత్తిలో కూడా ఈ పూలు ఉన్నాయి.

దీని సువాసన గురించి ఒక వింత ఉంది. మల్లె, గులాబీ పూలనుంచి అత్తరు తీసినట్టు ఈ పూలనుంచి తీయడం లాభసాటిగా కుదరదు. అందుచేత సబ్బుల్లో, సెంట్లలో మనకు తగిలే ఈ ‘లిల్లీ’ వాసన రసాయనాలతో తయారు చేసినదే. అటువంటి ఒక రసాయనాన్ని, లిలియాల్ అనేదాన్ని, ఐరోపా దేశాల సమాఖ్య 2022 మార్చి 1నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. ఈ వాసనలో వాడే మరికొన్ని రసాయనాలు కొంతమంది చర్మానికి పడవు. సెంటు రాసుకున్న చోట దురద, ఎర్రటి దద్దుర్లు వస్తే ఆ సీసా పక్కన పెట్టేయండి.

కోనసీమలో ఎందుకు పెరగదు?

మామ్మగారి ప్రశ్నకు సూటి జవాబు ఇది: మన దగ్గర ఆ మొక్క బ్రతకదు. మన నేల మంచిది కాకపోవడం వల్ల కాదు. గౌతమికి, వశిష్ఠకు మధ్య గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మట్టి ఇది. ఇంతటి సారవంతమైన నేల అరుదు. లోపం నేలలో లేదు, చలిలో ఉంది.

ఈ మొక్క దుంప చలికాలంలో నిద్రపోవాలి. వారాల తరబడి సున్నా డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా చలి తగిలితేనే లోపలి మొగ్గ మేలుకుంటుంది. చలి దేశాల్లో వ్యాపారులు ఈ దుంపలను మంచుగదుల్లో దాచి, కావలసినప్పుడు బయటకు తీసి, ఏ నెలలో అయినా పూయించగలుగుతున్నది ఈ కారణం వల్లనే. అమలాపురంలో, రాజోలులో పుష్యమాసం తెల్లవారుజామున మనకు వణుకు పుట్టవచ్చు గాని ఆ చలి ఈ దుంపకు చాలదు. మరి ఏప్రిల్, మే నెలల ఎండకు, ఉక్కకు ఆకులు మాడిపోతాయి.

చల్లని దేశాల్లో ఉన్న మీ పిల్లలు, బంధువులు పెంచుకోవాలనుకుంటే వారికి చెప్పండి. ఆకులు రాలే కాలంలో దుంప మొలకలను నీడ పట్టున, ఆకుల ఎరువు కలిపిన తేమ నేలలో, జానెడు కన్నా కాస్త తక్కువ ఎడంతో నాటాలి. మొలక కొన మట్టిలో కొద్దిగా మునిగితే చాలు. మొదటి ఏడాది పూయకపోవచ్చు. నాటుకుందంటే మాత్రం ఆపడం కష్టం, చుట్టుపక్కలంతా పాకుతుంది. పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో మాత్రం నాటవద్దు. ఎందుకో కింద చదువుతారు.

పరిశుద్ధ గ్రంథములోని పువ్వు ఇదేనా?

ఇక్కడ చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి ఉంది. పరమగీతము రెండవ అధ్యాయములో ఇంగ్లీషు బైబిలు చదివేవారికి లిల్లీ కనబడుతుంది. అదే వచనం మన తెలుగు బైబిలులో తీసి చూడండి. అక్కడ ఉన్న మాట ‘పద్మము’. అంటే తామర పువ్వు! మత్తయి సువార్త ఆరవ అధ్యాయములో ఇంగ్లీషువారు లిల్లీ అన్నచోట మనవారు ‘అడవిపువ్వులు’ అన్నారు.

మూలమైన హెబ్రీ భాషలో ఉన్న మాట ‘షోషన్నా’. ఆ మాట ఏ పువ్వును సూచిస్తుందో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. తెల్లని పెద్ద లిల్లీ అని కొందరు, నార్సిసస్ అని కొందరు, కలువ జాతి పువ్వు అని కొందరు అంటారు. ఒక్కటి మాత్రం నిశ్చయం. క్యాలెండరు మీద ఉన్న ఆ చలి దేశపు గంటల పువ్వు పలస్తీనా దేశంలో సహజంగా పెరిగేది కాదు. ఐరోపా జనం లాటిను బైబిలులోని లోయ లిల్లీ అనే మాటను తమ అడవిలోని ఒక పువ్వుకు పేరుగా పెట్టుకున్నారు. 1881లో సాల్వేషన్ ఆర్మీకి చెందిన చార్లెస్ ఫ్రై రాసిన ఇంగ్లీషు పాట ఆ పేరును ప్రపంచమంతా మోసుకుపోయింది.

ఆ ‘షోషన్నా’ అనే మాటనుంచే ‘సూసన్న’ అనే పేరు వచ్చింది. లూకా సువార్త ఎనిమిదవ అధ్యాయములో ఆ పేరుగల స్త్రీని చూస్తాము. మన సంఘాల్లో సూసన్నలు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. లిల్లీ అన్నా, సూసన్న అన్నా పేరు ఒక్కటే. ఈసారి పేరు పెట్టేటప్పుడు అమ్మమ్మకు, మనవరాలికి ఒకే పేరు పెట్టామని తెలిసి పెట్టండి!

మనకు లోయలు లేవు. లంకలు ఉన్నాయి, కాలువలు ఉన్నాయి, చెరువులు ఉన్నాయి. ఆ నాటి అనువాదకులు తెలుగువాడు కళ్లారా చూసిన పువ్వును ఎన్నుకున్నారు.

అందం వెనుక ఉన్న సంగతి

క్యాలెండరు పువ్వుకు మన తామరకు మధ్య ఒక పెద్ద తేడా ఉంది. తామర గింజలు తింటారు, తామర దుంప కూర వండుకుంటారు. ఆ చలి దేశపు లిల్లీలో మాత్రం ఆకు, పువ్వు, కాయ, దుంప అన్నీ విషమే. దానిలో గుండె కొట్టుకునే తీరును మార్చివేసే పదార్థాలు దాదాపు నలభై వరకు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది కాన్వలాటాక్సిన్. ఆ పూలు పెట్టిన గ్లాసులోని నీళ్లు తాగినా ప్రమాదమే. ఐరోపాలో వసంతకాలంలో అడవి వెల్లుల్లి ఆకులు కోసుకుని కూర వండుకునే అలవాటు ఉంది. ఆ ఆకులు, ఈ ఆకులు ఒకేలా ఉండడం వల్ల పొరపాటున తిని ఆసుపత్రి పాలైనవారు ఉన్నారు.

“మన దగ్గర లేని మొక్క విషమైతే మనకేమిటి?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని అదే తరహా విషం మన కంచెల్లో ఉంది.

మన కంచెలోని గన్నేరు

గన్నేరు తెలియని ఇల్లు కోనసీమలో ఉండదు. ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు దొడ్లలో, సమాధుల తోటల్లో, రోడ్డు మధ్య డివైడర్లలో కనబడతాయి. పసుపు రంగు గంటల్లాంటి పూలతో, సన్నని నిగనిగలాడే ఆకులతో ఉండేది పచ్చ గన్నేరు. దాని కాయ లోపల గట్టి గింజ ఉంటుంది. పశువులు తినవు, నీళ్లు పోయనవసరం లేదు, ఏడాది పొడవునా పూస్తుంది. అందుకే కంచెకు వేస్తారు.

పశువులు దాన్ని తినకపోవడానికి కారణం ఉంది. ఎర్ర గన్నేరులో ఒలియాండ్రిన్, పచ్చ గన్నేరులో థెవెటిన్ అనే విషాలు ఉన్నాయి. పేర్లు వేరైనా చేసే పని లోయ లిల్లీ విషం చేసే పనే. పచ్చగా ఉన్నప్పుడు చేదుకు పశువు ముట్టదు గాని, కొట్టిన కొమ్మలు ఎండి గడ్డిలో కలిసిపోతే తినేస్తుంది. కంచె కత్తిరించినప్పుడు ఆ కొమ్మలను గొడ్ల చావడి దగ్గర, మేత వేసే చోట, తాగే నీటి తొట్టి దగ్గర పడేయకండి.

పిల్లల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. పసుపు పువ్వు కాడ చప్పరిస్తారు. రాలిన కాయలు ఏరి గవ్వల్లా ఆడుకుంటారు. వంటాటలో ఆకులు కూరగా, గింజలు పప్పుగా పెట్టి ‘తిను’ అని చెల్లెలి నోట్లో పెడతారు. పెద్దలు చెప్పకపోతే వారికి ఎలా తెలుస్తుంది? “ఇది చూసే పువ్వు, తినే పువ్వు కాదు” అని మాట వచ్చిన నాటినుంచి చెప్పండి. సండే స్కూలు టీచర్లు కూడా పిల్లలకు ఈ మాట చెప్పాలని కోరుతున్నాము.

ఇంకొక మొక్క సంగతి కూడా తెలుసుకోండి. అగ్నిశిఖ, అడవి నాభి అని పిలిచే తీగ వానాకాలంలో కంచెల మీదికి పాకి ఎరుపు, పసుపు కలిసిన మంటలాంటి పూలు పూస్తుంది. ఇంగ్లీషులో దాన్ని కూడా లిల్లీ అనే అంటారు. తమిళనాడుకు అది రాష్ట్ర పుష్పం. దాని దుంప తినే దుంపలా కనబడి మోసం చేస్తుంది. దానిలోని కాల్చిసిన్ అనే విషం గుండెనే కాదు, ఒళ్లంతా దెబ్బ తీస్తుంది. కాలువ గట్ల మీద తెల్లని పొడుగు రేకులతో పూసే పెద్ద ఆకుల లిల్లీకి మన పెద్దలు విషమూంగిలి అని పేరు పెట్టారు. పేరులోనే హెచ్చరిక ఉంది.

ఈ మధ్య ఇళ్లలో కుండీల్లో పెట్టుకునే పీస్ లిల్లీ ఆకు కొరికితే నోరు, నాలుక మంట పుట్టి వాస్తాయి. అది గుండెకు సంబంధించిన విషం కాదు గాని పసిపిల్లకు ఊపిరి ఇబ్బంది కలిగించవచ్చు. కుండీని పాకే పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి.

ఒక మామ్మ మందు, ఒక డాక్టరు కొలత

1775లో ఇంగ్లండులో విలియం వితరింగ్ అనే డాక్టరుకు ఒక మందు చూపించారు. ష్రాప్‌షైర్ ప్రాంతంలో ఒక వృద్ధురాలు తరతరాల రహస్యంగా దాచుకుని, ఒళ్లు నీరు పట్టినవారికి ఇచ్చే మందు అది. కొందరికి పెద్ద డాక్టర్ల వల్ల కానిది ఆమె మందుతో నయమయ్యేది. అయితే విపరీతమైన వాంతులు, విరేచనాలు అయ్యేవి. దానిలో ఇరవై దాకా ఆకులు ఉన్నాయి. పని చేస్తున్నది వాటిలో ఒక్కటే, ఫాక్స్‌గ్లవ్ అనే పూల మొక్క అని వితరింగ్ గ్రహించాడు. పదేళ్లు రోగులకు కొద్దికొద్దిగా ఇచ్చి, ఎవరికి ఎంత ఇస్తే మేలో, ఎంత మించితే కీడో రాసుకుని, 1785లో పుస్తకంగా ప్రచురించాడు.

ఆ మొక్క జాతినుంచి వచ్చినదే నేటి డిగాక్సిన్ మాత్ర. చిన్నతనంలో కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడిపోయినవారు, గుండె లయ తప్పినవారు, గుండె బలహీనపడినవారు కొందరు ఈ మాత్ర వాడుతుంటారు. లోయ లిల్లీలో, గన్నేరులో, డిగాక్సిన్ మాత్రలో ఉన్న పదార్థాలు ఒకే కుటుంబానికి చెందినవి. లోయ లిల్లీని కూడా ఐరోపాలో, రష్యాలో గుండె మందుగా వాడారు. పచ్చ గన్నేరు గింజలోని ఒక పదార్థాన్ని కూడా గుండె మందుగా పరీక్షించి చూశారు.

అలాగని గన్నేరు ఆకు కషాయం గుండెకు మంచిదని అనుకోకండి! మాత్రలో మందు ఎంత ఉందో మిల్లీగ్రాములో వంతులతో సహా తెలుసు. ఆకులో ఎంత ఉందో ఎవరికీ తెలియదు. ఎండకు, వానకు, నేలకు, కాలానికి అది మారిపోతుంది. ఈ జాతి మందులో మేలు చేసే మోతాదుకు, కీడు చేసే మోతాదుకు మధ్య దూరం చాలా తక్కువ. మందుకూ విషానికీ మధ్య తేడా అంతా కొలతలోనే ఉంది.

డిగాక్సిన్ వాడేవారు ఇవి గుర్తుంచుకోండి:

• డాక్టరు గారు రాసిన మోతాదే వేసుకోండి. కొందరికి వారంలో ఐదు రోజులే వేసుకోమని రాస్తారు. అది పొరపాటు కాదు.

• ఒక పూట మరచిపోతే మరుసటి పూట రెండు వేసుకోకండి.

• ఆకలి చచ్చిపోవడం, వికారం, వాంతులు, కళ్లకు పసుపుగా లేదా మసకగా కనబడడం, తల తిరగడం, నాడి మరీ నెమ్మదించడం జరిగితే ఆలస్యం చేయకుండా వచ్చి చూపించుకోండి.

• వాంతులు విరేచనాలు అయినప్పుడు, నీరు పోయే మాత్రలు కూడా వాడుతున్నప్పుడు ఒంట్లో పొటాషియం తగ్గి ఈ మందు వికటించవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

• నాటు మందు ఏది వాడుతున్నా దాచకుండా డాక్టరు గారికి చెప్పండి. ఎవరూ కోప్పడరు.

• మాత్రల సీసా మనవళ్లకు అందని చోట పెట్టండి.

పొరపాటున తింటే ఏం చేయాలి?

గన్నేరు గాని, పేరు తెలియని మరే మొక్క గాని పిల్లలు నమిలారని అనుమానం కలిగినా ఇలా చేయండి:

1. నోట్లో మిగిలినది తీసివేసి, మంచినీళ్లతో నోరు పుక్కిలింపజేయండి. చేతులు కడగండి.

2. ఉప్పునీళ్లు, చింతపండు పులుసు, పేడనీళ్లు వంటివి తాగించి వాంతి చేయించకండి. గొంతులో వేలు పెట్టకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరో ప్రమాదం.

3. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోటి ద్వారా ఏదీ ఇవ్వకండి.

4. తిన్న ఆకు, కాయ, కొమ్మ ఏది ఉంటే అది ఒక సంచిలో వేసి వెంట తెండి. ఎన్ని గంటలకు తిన్నారో గుర్తుపెట్టుకోండి.

5. వెంటనే 108కి ఫోను చేయండి. లేదా దొరికిన బండి మీద దగ్గరలోని ఆసుపత్రికి రండి. బాగానే ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో ఉంచుకోకండి. కడుపునొప్పి, వాంతులు ముందు వచ్చి, గుండె లయ చెడడం గంటల తరువాత జరగవచ్చు.

ఆసుపత్రిలో ఈసీజీ తీసి, రక్త పరీక్ష చేసి, కనీసం ఒక రోజు దగ్గర పెట్టుకుని చూస్తారు. అవసరాన్నిబట్టి బొగ్గు మందు తాగించడం, నాడిని పెంచే ఇంజక్షను ఇవ్వడం, తాత్కాలికంగా పేస్‌మేకరు అమర్చడం చేస్తారు. పచ్చ గన్నేరు బాధితులను ఎక్కువగా చూసిన పొరుగుదేశం శ్రీలంకలో దీని విరుగుడు మీద పెద్ద పరిశోధనలు జరిగాయి. డిగాక్సిన్‌కు విరుగుడుగా తయారు చేసిన యాంటీబాడీ ఇంజక్షను గన్నేరు విషానికి కూడా పని చేస్తుందని అక్కడి పరిశోధన 2000లో ప్రచురితమైంది. కాని అది చాలా ఖరీదైన మందు, అన్ని చోట్లా దొరకదు. అందుచేత త్వరగా ఆసుపత్రికి చేరడమే మన చేతిలో ఉన్న గొప్ప మందు.

ఒక మాట మెల్లగా చెప్పాలి. అన్ని విషాలూ పొరపాటున లోపలికి పోవు. అప్పుల బాధతోనో, ఇంట్లో గొడవతోనో, పరీక్ష తప్పామనో మనసు విరిగినవారు మన మధ్యనే ఉంటారు. అటువంటివారిని ఒంటరిగా వదలకండి. తప్పు పట్టకుండా పక్కన కూర్చుని వినండి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవ ద్వారా తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. ఎవరైనా ఏదైనా తిన్నామని చెబితే పరువుకు భయపడి దాచకండి. గుండె కొట్టుకుంటూ ఉండగానే తీసుకురండి.

మరి గుమ్మం పక్కన ఏమి వేసుకుందాం?

అమలాపురం పూల కొట్టులో ‘లిల్లీ’ అని అడిగితే ఇచ్చేది నేల సంపెంగ. అది మెక్సికో దేశంనుంచి వచ్చి మనదైపోయింది. విచిత్రమేమిటంటే, వృక్షశాస్త్రం ప్రకారం క్యాలెండరు మీది లోయ లిల్లీ, మన నేల సంపెంగ రెండూ నిజమైన లిల్లీలు కావు. రెండూ శతావరి కుటుంబానికి చెందినవి. అంటే మన పూలకొట్టు లిల్లీ దానికి దూరపు చుట్టమే! చుట్టరికం ఉన్నా ఆ గుండె విషం మాత్రం దీనిలో లేదు. అయినా దుంప తినే వస్తువు కాదు.

నేల సంపెంగ పెంచడం సులువు. ఒంటి రేకుల్లో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి శృంగార్, ప్రజ్వల్ రకాలకు మంచి పేరు. రోజులో ఎక్కువ భాగం ఎండ తగిలే చోటు చూడండి. మన నల్లమట్టిలో నీరు నిలిస్తే దుంప కుళ్లిపోతుంది కాబట్టి, కాస్త ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి మట్టిని ఎత్తుగా పోసి నాటండి. బలమైన దుంపలను రెండు అంగుళాల లోతున, జానెడు ఎడంగా పెట్టండి. మూడు నాలుగు నెలల్లో కాడ వేస్తుంది. అదే మడి రెండు మూడేళ్లు పూస్తుంది. గోదావరి వరద నీరు దొడ్లోకి వచ్చే లంక గ్రామాలవారు కుండీల్లో పెట్టుకోవడం మేలు.

ఇక తామర. మన తెలుగు బైబిలులోని పువ్వు. రెండడుగుల వెడల్పు ఉన్న, అడుగున రంధ్రం లేని తొట్టి తీసుకోండి. జానెడు ఎత్తు చెరువు మట్టి వేసి, దుంపను అడ్డంగా పడుకోబెట్టి, మొలక కొన మాత్రం పైకి ఉండేలా మట్టి కప్పండి. మొదట నాలుగు వేళ్ల లోతు నీళ్లు చాలు. ఆకులు లేచేకొద్దీ పెంచండి. రోజుకు ఆరు గంటల ఎండ లేకపోతే ఆకులే వస్తాయి, పూలు రావు. గింజనుంచి పెంచాలంటే పైపెంకును ఒక చివర అరగదీసి నీళ్లలో వేస్తే కొద్ది రోజుల్లో మొలకెత్తుతుంది. చైనాలో ఎండిపోయిన ఒక చెరువు అడుగున దొరికిన, సుమారు 1,300 ఏళ్లనాటి తామర గింజ మొలకెత్తిందని 1995లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంతటి ఓపిక ఆ గింజది!

తామర తొట్టి పెట్టేవారు రెండు జాగ్రత్తలు మరువకండి. నిలవ నీటిలో దోమలు పెరుగుతాయి. నాలుగు గంబూసియా లేదా గప్పీ చేపలు వేస్తే దోమపిల్లలను తినేస్తాయి. రెండవది, నడక నేర్చిన పసిపిల్ల జానెడు నీటిలో కూడా మునిగిపోగలదు. తొట్టి మీద ఇనుప వల బిగించండి. ఆకులు, పూలు వల కన్నాల్లోంచి పైకి వస్తాయి.

రోగిని చూడవచ్చేవారికి ఒక మనవి

పూలు తెచ్చేది ప్రేమతోనే. కాని నేల సంపెంగ వాసన మూసిన గదిలో రాత్రిపూట ఘాటుగా ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం రావచ్చు. పక్క మంచం మీద ఎవరున్నారో చూడండి. పూలగ్లాసు నీళ్లు రోజూ మార్చండి, తాగే నీళ్ల గ్లాసు పక్కన పెట్టకండి. గన్నేరు పూలు, కొమ్మలు వార్డులోకి తేవద్దు.

మామ్మగారూ, ఇదండీ మీ ప్రశ్నకు జవాబు. ఆ క్యాలెండరు పువ్వు కడియంలో దొరకదు, దొరికినా మన ఎండకు నిలవదు. నిలిచినా మీ మనవరాలు ఆడుకునే గుమ్మం పక్కన పెట్టదగినది కాదు. ఆ పువ్వును బొమ్మలో చూసి సంతోషిద్దాం. ఇంటికి వెళ్లాక దొడ్లో ఒకసారి తిరిగి కంచెలో పచ్చ గన్నేరు ఉందేమో చూడండి. రాలిన కాయలు ఏరి గోతిలో పూడ్చించండి. ఆ పైన ఒక తొట్టిలో తామర దుంప వేయించండి. పూసిన రోజున మనవరాలిని ఎత్తుకుని చూపించి, “మన బైబిలులో ఉన్న పువ్వు ఇదేనమ్మా” అని చెప్పండి. అది నిజం.